ముగ్గు ఫోటో నుంచి మ్యూజిక్ వస్తుందా? బొమ్మల్ని శబ్దంగా మార్చే యాప్స్ ఎలా పనిచేస్తాయి? పూర్తి వివరాలు

సాధారణంగా మన సైట్‌లో కొత్త ఫోన్లు, ఇయర్‌బడ్స్, కెమెరా పోలికల గురించి మాట్లాడుకుంటాం కదా. ఈసారి కొంచెం వేరే టాపిక్. మీ ఫోన్‌లో ఉన్న ఒక ఫోటోని, లేదా మీరు వేలితో గీసిన నాలుగు గీతల్ని నేరుగా శబ్దంగా మార్చవచ్చు. పాట పాడటం రాకపోయినా, కీబోర్డ్ మీద ఒక్క స్వరం తెలియకపోయినా పర్వాలేదు. గీయడం వస్తే చాలు.

ఇదేదో కొత్తగా వచ్చిన ఏఐ ఫీచర్ అనుకోకండి. దీని వయసు 90 ఏళ్ల పైమాటే. నేను గత డిసెంబర్‌లో రివ్యూ కోసమని సరదాగా మొదలుపెట్టాను. మా అమ్మ వేసిన చుక్కల ముగ్గుతో చేసిన ఆ ప్రయోగం చివరికి నేను అనుకోని చోటుకి తీసుకెళ్లింది. అది కూడా చెప్తాను. ముందు అసలు విషయం అర్థం చేసుకుందాం.

బొమ్మ నుంచి శబ్దం: రెండు పద్ధతులు

చాలామంది ఈ రెండింటినీ కలిపేసి తికమకపడుతుంటారు. కాబట్టి ముందే విడదీసి చెప్తాను.

మొదటి పద్ధతిలో మనం శబ్ద తరంగాన్నే గీస్తాం. గాలిలో ఒత్తిడి ఎలా పెరిగి తగ్గుతుందో ఆ వంపు ఆకారాన్ని గీస్తే, యంత్రం దాన్ని సెకనుకి కొన్ని వందలసార్లు తిరిగి తిరిగి చదువుతుంది. మెత్తటి అల గీస్తే వేణువులాంటి మృదువైన ధ్వని. రంపం పళ్లలా గీస్తే గరగరలాడే ధ్వని.

రెండో పద్ధతిలో మనం గీసేది తరంగాన్ని కాదు, ఒక పటాన్ని. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. కింది నుంచి పైకి వెళ్లేకొద్దీ శ్రుతి పెరుగుతుంది. గీత ఎంత వెలుగుగా ఉంటే శబ్దం అంత గట్టిగా ఉంటుంది. నలుపు అంటే నిశ్శబ్దం. ఇలాంటి పటాన్నే స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఈ రోజు ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో దొరికే యాప్స్ ఎక్కువగా ఈ రెండో పద్ధతినే వాడతాయి.

ఈ ఒక్క నియమం గుర్తుంటే మిగతాదంతా మీరే ఊహించుకోవచ్చు:

- అడ్డంగా గీసిన గీత: తంబురా శ్రుతిలా ఆగకుండా మోగే ఒకే స్వరం.
- నిలువు గీత: అన్ని శ్రుతులూ ఒక్కసారిగా మోగి ఆగిపోతాయి. మనకి "టప్" అని వినిపిస్తుంది.
- ఏటవాలు గీత: కింది నుంచి పైకి జారే స్వరం. మన సంగీతంలో జారు అంటారే, అలాంటిది.
- చిన్న చుక్క: ఒక చిన్న "టింగ్".
- వృత్తం: ఒక స్వరంతో మొదలై రెండుగా చీలుతుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి పోయి, మళ్లీ వచ్చి ఒకే చోట కలుస్తాయి.

ఒక విషయం గమనించండి. మీరు ఆ బొమ్మని ఏ వరుసలో గీశారో యాప్‌కి తెలీదు. ముగ్గు వేసేటప్పుడు చెయ్యి ముందుకి, వెనక్కి, చుట్టూ తిరుగుతుంది. యాప్ మాత్రం బస్సు కిటికీలోంచి చూసినట్టు ఎడమ నుంచి కుడికి ఒకే దిక్కున చూసుకుంటూ పోతుంది.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?

సినిమా రీలు అంచున శబ్దం కోసం ఒక సన్నటి పట్టీ ఉండేది. దాని గుండా వెలుతురు పోయి అవతల ఉన్న ఫోటోసెల్ మీద పడితే, ఆ వెలుగు హెచ్చుతగ్గులే స్పీకర్‌లో శబ్దంగా వచ్చేవి. డిజిటల్ ప్రొజెక్షన్ రాకముందు మన ఊళ్లలో హాళ్లకి వచ్చిన 35 ఎంఎం ప్రింట్లలోనూ ఈ పట్టీ ఉండేది.

1920ల చివర్లో ఈ టెక్నాలజీ వచ్చీ రాగానే కొంతమందికి ఒక డౌట్ వచ్చింది. ఆ పట్టీ మీద మైక్‌తో రికార్డ్ చేయడం ఎందుకు, మనమే బొమ్మ వేసేస్తే? సోవియట్ రష్యాలో ఆర్సెనీ అవ్రామోవ్, యెవ్‌గెనీ షోల్పో లాంటివాళ్లు ఈ దారిలో పనిచేశారు. జర్మనీలో రుడాల్ఫ్ ఫెనింగర్, ఆస్కర్ ఫిషింగర్ 1932 ప్రాంతంలో ఇదే పని చేశారు. ఫిషింగర్ అయితే అలంకారపు డిజైన్లని రీలు పట్టీ మీదకి ఎక్కించి, అవి ఎలా పలుకుతాయో విన్నాడు. తర్వాత కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ అనే యానిమేటర్ పెన్నుతో నేరుగా ఫిల్మ్ మీద గీసి శబ్దాలు పుట్టించాడు. 1971లో ఆయన తీసిన "సింక్రోమీ"లో శబ్దం ఇచ్చే గళ్లనే మనకి రంగుల్లో తెర మీద కూడా చూపిస్తాడు. అంటే చూసేది, వినేది ఒకటే బొమ్మ.

ఇవన్నీ మొదటి పద్ధతికి దగ్గరగా ఉండేవి. రెండో పద్ధతికి అసలైన తాతగారు మాస్కోలో ఉన్నారు.

ఏఎన్ఎస్: గాజు పలక మీద గీసే సింథసైజర్

యెవ్‌గెనీ ముర్జిన్ అనే ఇంజనీర్‌కి 1930ల చివర్లో ఒక ఆలోచన వచ్చింది. అది పనిచేసే యంత్రంగా మారడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. స్వరకర్త అలెగ్జాండర్ నికొలాయెవిచ్ స్క్రియాబిన్ పేరులోని మొదటి అక్షరాలతో దానికి ఏఎన్ఎస్ అని పేరు పెట్టాడు.

ఇది ఎలా పనిచేస్తుందంటే, లోపల 5 గాజు డిస్కులు తిరుగుతుంటాయి. ఒక్కో డిస్కు మీద 144 ట్రాకులు. మొత్తం 720 స్వచ్ఛమైన స్వరాలు వెలుతురు రూపంలో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. వాటికి అడ్డంగా ఎండిపోని నల్లటి మాస్టిక్ పూసిన గాజు పలక ఉంటుంది. దాని మీద గీకితే, గీకిన చోట వెలుతురు దూరి ఆ స్వరం మాత్రం బయటికి వస్తుంది. తప్పు గీస్తే మళ్లీ పూత అద్దేయడమే. అంటే అప్పట్లోనే అన్‌డూ బటన్ ఉందన్నమాట!

పియానోలో ఒక స్థాయికి 12 మెట్లు. ఏఎన్ఎస్‌లో 72. అందుకే స్వరం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి గెంతినట్టు కాకుండా జారినట్టు వినిపిస్తుంది. తార్కోవ్‌స్కీ తీసిన "సొలారిస్" (1972) సినిమాకి ఎడ్వర్డ్ ఆర్తెమ్యెవ్ ఈ యంత్రాన్ని వాడాడు. ఆ సినిమాలో సముద్రం దగ్గర వచ్చే శబ్దాలు గుర్తుంటే, ఈ యంత్రం గొంతు మీకు కొంత పరిచయమే.

డాఫ్నీ ఓరమ్ కథ

ఇంగ్లండ్‌లో డాఫ్నీ ఓరమ్ గురించి చెప్పకపోతే ఈ ఆర్టికల్ పూర్తికాదు. 1943లో బీబీసీలో చేరింది. 1958లో బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఆమె ఒకరు. కానీ ఏడాది తిరక్కుండానే, 1959లో ఉద్యోగం వదిలేసి కెంట్‌లోని ఒక పాత కట్టడంలో సొంత స్టూడియో పెట్టుకుంది. అక్కడ తయారుచేసుకున్న యంత్రమే ఓరమిక్స్.

అందులో 10 పారదర్శక 35 ఎంఎం ఫిల్మ్ పట్టీలు సమాంతరంగా కదులుతుంటాయి. ఏ స్వరం, ఎంత గట్టిగా, ఎంత వణుకుతో రావాలి అన్నవి ఒక్కో పట్టీ మీద విడివిడిగా రంగుతో గీయాలి. తరంగం ఆకారాన్ని మాత్రం గాజు ముక్క మీద గీసి పెట్టాలి. అంటే పైన చెప్పిన రెండు పద్ధతులనీ ఒకే యంత్రంలో పెట్టేసింది. ఆ యంత్రం ఇప్పుడు లండన్ సైన్స్ మ్యూజియం సేకరణలో ఉంది.

తర్వాత ఈ పని కంప్యూటర్‌కి వచ్చింది. పారిస్‌లో యానిస్ జెనాకిస్ బృందం 1977లో యూపిక్ అనే సిస్టమ్ తయారుచేసింది. పెద్ద ఎలక్ట్రానిక్ పలక మీద పెన్నుతో గీస్తే కంప్యూటర్ దాన్ని శబ్దంగా మార్చేది. మీ పిల్లలు ట్యాబ్ మీద స్టైలస్‌తో గీస్తుంటారు కదా, దాదాపు అదే. 1999లో ఏఫెక్స్ ట్విన్ తన "విండోలిక్కర్" రికార్డులోని రెండో ట్రాక్‌లో ఏకంగా ఒక ముఖాన్నే దాచాడు. మామూలుగా వింటే గీపెట్టినట్టు ఉంటుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో చూస్తే ముఖం కనిపిస్తుంది.

ఇప్పుడు మన దగ్గర ఏ యాప్స్ ఉన్నాయి?

నేను వాడి చూసినవి మాత్రమే చెప్తున్నాను.

క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్: ఏ ఇన్‌స్టాలేషన్ అక్కర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లోనే ఓపెన్ అవుతుంది, ఉచితం. ఇందులో "కాండిన్‌స్కీ" అనే ప్రయోగంలో మీరు గీసిన గీతలు, వృత్తాలు, త్రిభుజాలు శబ్దాలు అవుతాయి. "స్పెక్ట్రోగ్రామ్" ప్రయోగంలో మైక్ ఆన్ చేసి మాట్లాడితే మీ గొంతు బొమ్మలా కనిపిస్తుంది. పిల్లలతో మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచిది లేదు.

వర్చువల్ ఏఎన్ఎస్: పైన చెప్పిన రష్యన్ యంత్రానికి సాఫ్ట్‌వేర్ రూపం. అలెగ్జాండర్ జొలోతోవ్ అనే డెవలపర్ చేశాడు. కంప్యూటర్ వెర్షన్ ఉచితం. ఫోన్ వెర్షన్ కావాలంటే ధర స్టోర్‌లో ఒకసారి చూసుకోండి. వేలితో గీయవచ్చు, ఫోటో లోడ్ చేయవచ్చు, ఒక శబ్దాన్ని బొమ్మగా మార్చి దాన్ని చెరిపి, దిద్ది మళ్లీ శబ్దం చేయవచ్చు. చూడటానికి కొంచెం పాతకాలం సాఫ్ట్‌వేర్‌లా ఉంటుంది. మొదటి పది నిమిషాలు చిరాకు పడతారు, తర్వాత వదలరు.

కొయాగ్యులా: విండోస్ కోసం చాలా ఏళ్ల క్రితం వచ్చిన చిన్న ఉచిత ప్రోగ్రామ్. బీఎంపీ బొమ్మని ఇస్తే శబ్దం చేసి ఇస్తుంది. ఎంత సేపు, అడుగు శ్రుతి ఎన్ని హెర్ట్జ్, పై శ్రుతి ఎన్ని హెర్ట్జ్ అన్నది మనమే అంకెలతో చెప్పవచ్చు. రంగులకీ ఇందులో అర్థం ఉంది. ఎరుపు ఒక చెవికి, ఆకుపచ్చ రెండో చెవికి. నీలం కలిపితే స్వచ్ఛమైన స్వరం చెదిరి హోరుగా మారుతుంది.

ఈ చివరి పాయింట్ తెలియక నేను ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. తెల్ల ముగ్గు ఫోటో ఇస్తే వర్షం హోరులాంటి శబ్దం తప్ప ఏమీ రాలేదు. తెలుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఉంటాయి కదా! తెల్ల గీతల్ని పసుపు రంగుకి మార్చాను. పసుపులో నీలం ఉండదు. వెంటనే ఒక్కో చుక్కా గంటలా పలికింది.

నా ప్రయోగం: ఏడు చుక్కల ముగ్గు

ధనుర్మాసం కావడంతో మా అమ్మ మా ఫ్లాట్ ముందు రోజూ ముగ్గు వేస్తోంది. ఆ రోజు వేసింది 7 చుక్కలు, సందు చుక్క 4 వచ్చేదాకా. ముగ్గులు తెలియని అబ్బాయిల కోసం: మధ్య వరసలో 7 చుక్కలు, దానికి అటూ ఇటూ సందుల్లో 6, తర్వాత 5, చివర 4. మొత్తం 7 వరసలు, 37 చుక్కలు.

గీతలు కలపకముందే ఫోటో తీశాను. దీన్ని ఎడమ నుంచి కుడికి చదివితే ఏమవుతుందో ఆలోచించండి. మొదట మధ్య వరసలోని ఒక్క చుక్క. తర్వాత రెండు చుక్కలు ఒకేసారి. తర్వాత మూడు, ఆ తర్వాత నాలుగు. అక్కడి నుంచి మూడు, నాలుగు, మూడు, నాలుగు అంటూ నడిచి చివర్లో మూడు, రెండు, ఒకటితో ముగుస్తుంది. మొత్తం 13 దెబ్బలు. సందు చుక్క పెట్టడం వల్లే ఈ మూడు-నాలుగుల నడక వచ్చింది. చుక్కలన్నీ ఒకదాని కింద ఒకటి సరిగ్గా ఉండే ముగ్గయితే ప్రతి దెబ్బకీ ఏడు స్వరాలూ ఒకేసారి మోగేవి, విసుగొచ్చేది. అమ్మకి ఈ లెక్క చెప్తే, "ముగ్గుకి తాళం ఉందని ఇప్పుడు తెలిసిందా నీకు" అంది.

నేను చేసిన స్టెప్స్ ఇవీ:

1. ఫోన్‌ని సరిగ్గా పైనుంచి పట్టుకుని ఫోటో తీశాను. పక్క నుంచి తీస్తే వరసలు వంగిపోయి శ్రుతి తప్పుతుంది.
2. ఫోటో ఎడిటర్‌లో కాంట్రాస్ట్ బాగా పెంచి, నేల పూర్తిగా నల్లగా అయ్యేదాకా తెచ్చాను. నేల బూడిదరంగులో మిగిలితే అది కూడా మోగుతుంది.
3. బయటి చుక్కల దాకా క్రాప్ చేశాను. దీనివల్ల అడుగు వరస అడుగు శ్రుతికి, పై వరస పై శ్రుతికి సరిపోతాయి.
4. చుక్కల్ని చిన్నవి చేసి పసుపు రంగు ఇచ్చాను.
5. బీఎంపీగా సేవ్ చేసి ల్యాప్‌టాప్‌లో కొయాగ్యులాకి ఇచ్చాను. నిడివి ఆరున్నర సెకన్లు.

నాలుగో స్టెప్‌లో చిన్నవి ఎందుకు చేయాలో చెప్తాను. నా బొమ్మ ఎత్తు 600 పిక్సెళ్లు. అందులో 6 స్థాయిలు పెడితే ఒక్కో స్థాయికి 100 పిక్సెళ్లు. పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం సుమారు 8 పిక్సెళ్లు. 20 పిక్సెళ్ల మందం చుక్క పెడితే రెండు మెట్ల పైగా ఉన్న స్వరాలన్నీ కలిసి మోగుతాయి. అది స్వరం కాదు, సందడి. సన్నగా గీస్తే స్వరం, లావుగా గీస్తే హోరు. ఈ ఒక్క రూల్ చాలు.

శ్రుతి పరిధి: అసలు మ్యాజిక్ ఇక్కడే

శ్రుతిలో సమాన దూరం అంటే కూడటం కాదు, గుణించడం. 200 హెర్ట్జ్ షడ్జమం అనుకుంటే పై షడ్జమం 400, దాని పైది 800. అందుకని మంచి ఫలితం కావాలంటే నిలువు కొలత ఇలా రెట్టింపులతో పెరిగేలా పెట్టుకోవాలి.

మొదటిసారి పరిధి 200 నుంచి 12,800 హెర్ట్జ్ పెట్టాను. అంటే సరిగ్గా 6 స్థాయిలు. ఏడు వరసల మధ్య ఆరు సందులు కాబట్టి ప్రతి వరసా ఒక షడ్జమం అయింది: 200, 400, 800, 1600, 3200, 6400, 12,800. వింటే గుడి గంటల్లా మెరిసే శబ్దం.

ఫైల్‌ని ఫోన్‌లోకి తెచ్చి స్పీకర్‌లో పెట్టాను. అడుగు వరస దాదాపు వినిపించలేదు. ఇది మామూలే. ఫోన్ స్పీకర్ చాలా చిన్నది, 200 హెర్ట్జ్ దగ్గర దానికి బలం ఉండదు. వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టగానే అడుగు వరస వచ్చేసింది.

అమ్మకి కూడా వినిపిద్దామని, ఒక్కో వరసని విడిగా సేవ్ చేసి కింది నుంచి పైకి వరసగా పెట్టాను. ఇది మొదటి వరసమ్మా, ఇది రెండోది అంటూ. ఐదో వరస దాకా తల ఊపింది. ఆరో వరసకి "ఏదో సన్నగా వస్తోంది" అంది. ఏడో వరస ప్లే చేశాను. నా చెవికి సూదిలా గుచ్చుకుంటోంది. అమ్మ నా మొహం చూస్తూ కూర్చుంది. కాసేపటికి "ఏరా, ఇంకా పెట్టలేదా?" అంది.

ముందు ఇయర్‌ఫోన్స్ అనుమానించాను. వేరేవి మార్చాను. ఫైల్ పాడైందేమో అనుకుని స్పెక్ట్రాయిడ్ అనే ఉచిత యాప్ ఓపెన్ చేసి ఫోన్ మైక్‌తో చూశాను. 12,800 దగ్గర గీత నిటారుగా నిలబడి ఉంది. శబ్దం ఉంది. అడుగు వరసని ఇయర్‌ఫోన్స్ తెచ్చాయి. పై వరసని ఏ గాడ్జెట్టూ తేలేకపోయింది.

వయసుతో పాటు ముందు పోయేది పై శ్రుతులే. అందులో వింతేమీ లేదు. ఆ వయసులో 12,800 వినిపించకపోవడం పెద్ద విషయం కూడా కాదు. కానీ 6400 దగ్గరే అంత సన్నగా వినిపించడం నన్ను ఆలోచనలో పడేసింది. "స", "ష" లాంటి హల్లుల బలం చాలావరకు పై శ్రుతుల్లోనే ఉంటుంది. అవి పోతే మాట వినిపిస్తుంది, కానీ స్పష్టంగా ఉండదు. ఏడాదిగా అమ్మ టీవీ వాల్యూమ్ పెంచుతోంది. నేను తగ్గించమని విసుక్కుంటున్నాను. ఫోన్‌లో ఏదైనా చెప్తే సంబంధం లేని జవాబు చెప్తుంటే పరధ్యానం అనుకున్నాం. ఫోన్ల ఆడియో క్వాలిటీ గురించి పేజీలకి పేజీలు రాసే నాకు ఇంట్లో ఈ విషయం తెలియలేదు.

ఒక మాట గట్టిగా చెప్తున్నా: ఇలాంటి యాప్ వినికిడి పరీక్ష కాదు. ఇయర్‌ఫోన్స్ బట్టి, వాల్యూమ్ బట్టి ఫలితం మారిపోతుంది. అనుమానం వస్తే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లడమే. మేమూ అదే చేశాం. అక్కడ సాధారణంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా పరీక్షిస్తారు. రెండు చెవుల్లోనూ పై శ్రుతులు తగ్గాయని తేలింది. మిషన్ పెట్టుకోవాలన్నారు. ఆ రిపోర్ట్‌లో ఒక్కో శ్రుతికి ఒక్కో గుర్తు పెట్టి గీతతో కలుపుతారు. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ చుక్కల ముగ్గేరా, పక్కకి జారిపోయింది" అంది.

రెండో ముగ్గు: అందరికీ వినిపించేలా

ఇంటికొచ్చాక అదే బొమ్మని 200 నుంచి 800 హెర్ట్జ్ పరిధిలో మళ్లీ చేశాను. ఇప్పుడు మొత్తం రెండే స్థాయిలు, ఆరు సందులు. అంటే ఒక్కో సందు పియానో మీద నాలుగు మెట్లు. వరసలు 200, 252, 317, 400, 504, 635, 800 అవుతాయి. మన భాషలో చెప్పాలంటే షడ్జమం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, మళ్లీ షడ్జమం. ఎక్కడా పంచమం తగలదు కాబట్టి వింటే గాల్లో వేలాడుతున్నట్టు ఉంటుంది. అయినా బాగుంటుంది. ఈసారి అమ్మకి ఏడు వరసలూ వినిపించాయి. వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చెప్పింది.

ఒకే బొమ్మ, రెండు అంకెలు మార్చితే పూర్తిగా వేరే సంగీతం. కాబట్టి మీరు ఏదైనా చేసి ఇంట్లో పెద్దవాళ్లకి వినిపించాలనుకుంటే పై పరిధి 2000 హెర్ట్జ్ లోపే ఉంచండి. ఫోన్ స్పీకర్‌లో వినేవాళ్ల కోసం అడుగు పరిధి 300 పైన ఉంచండి.

మొదటిసారి చేసేవాళ్లు ఇవి మర్చిపోకండి

- వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్న ఫోటో పొరపాటున లోడ్ అయితే అన్ని శ్రుతులూ ఫుల్ సౌండ్‌తో ఒక్కసారే వస్తాయి. ఇయర్‌ఫోన్స్‌తో ఉంటే చాలా ప్రమాదం.
- కాగితం మీద పెన్నుతో గీస్తే రంగుల్ని తిరగేయాలి. నలుపు తెలుపు అవ్వాలి, తెలుపు నలుపు అవ్వాలి.
- వేలితో గీస్తూ అప్పటికప్పుడు వినాలంటే బ్లూటూత్ బడ్స్ వద్దు. గీసిన కొంచెం సేపటికి శబ్దం వస్తుంది, చెయ్యి తడబడుతుంది. వైర్డ్ వాడండి.
- మనుషుల ఫోటోలు, సీనరీలు మొదట్లో వద్దు. ప్రతి పిక్సెల్‌లోనూ ఎంతో కొంత వెలుగు ఉంటుంది కాబట్టి హోరు తప్ప ఏమీ రాదు. నల్లటి నేల మీద సన్నటి గీతలే బాగా పలుకుతాయి.
- వచ్చిన శబ్దాన్ని వేవ్ ఫైల్‌గా సేవ్ చేసుకుని, బ్యాండ్‌ల్యాబ్ లాంటి ఉచిత యాప్‌లో లూప్ చేసి, దాని మీద డప్పో, గొంతో కలపవచ్చు. అప్పుడే ఇది ప్రయోగం నుంచి పాట వైపు నడుస్తుంది.

ప్లస్‌లు, మైనస్‌లు

ప్లస్‌లు: ఖర్చు దాదాపు సున్నా. పాత ఫోన్, పాత ల్యాప్‌టాప్ చాలు. సంగీతం నేర్చుకోని వాళ్లకి శ్రుతి, స్థాయి, తాళం అంటే ఏమిటో కంటితో చూపిస్తుంది. పిల్లలకి ఫిజిక్స్ పాఠం కూడా.

మైనస్‌లు: మీకు కావాల్సిన ట్యూన్ ఇందులో గీయడం చాలా కష్టం. అందంగా కనిపించే బొమ్మ అందంగా వినిపిస్తుందన్న గ్యారంటీ లేదు. సినిమా పాటలాంటిది ఆశిస్తే నిరాశే.

చివరిగా నా మాట

దీనికోసం కొత్త ఫోన్, కొత్త ట్యాబ్ కొనకండి. ముందు క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లో పది నిమిషాలు ఆడండి. నచ్చితే వర్చువల్ ఏఎన్ఎస్‌కి వెళ్లండి. అంకెలతో కచ్చితంగా ఆడుకోవాలంటే కొయాగ్యులా. ముర్జిన్‌కి 20 ఏళ్లు, ఓరమ్‌కి ఒక సొంత స్టూడియో అవసరమైన పని ఇప్పుడు మీ జేబులో ఉంది.

ఇంకొకటి. చేసినదాన్ని ఒక్కరే ఇయర్‌ఫోన్స్‌లో విని వదిలేయకండి. ఇంట్లో వాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లకి వినిపించండి. వాళ్లకి ఏం వినిపించిందో అడగండి. మా ఇంట్లో ఇప్పుడు టీవీ వాల్యూమ్ 14 మీద ఉంటోంది. ఇంతకుముందు 30. అమ్మ మిషన్ పెట్టుకున్నాక మొదటి ముగ్గు మళ్లీ పెట్టమంది. ఆరో వరస స్పష్టంగా వచ్చింది. ఏడోది ఇంకా రాలేదు. "పోనీలే, అది నువ్వు విను" అంది.